వంశవర్ణనలో లేనివారు

చాలాకాలంగా విద్యార్థులకు ప్రబంధాలు పాఠం చెబుతున్నాను. అవతారికల్లో కృతిపతి వంశవర్ణన చదివి చదివి, ధనవంతుడి చరిత్ర యెలా తయారవుతుందో నాకు కొంత తెలిసింది. అందుచేత జానీ వాకర్ అనే స్కాచ్ విస్కీ కంపెనీ చరిత్ర చదివినప్పుడు నాకు కొత్తగా తోచలేదు.

మూలపురుషుడు జాన్ వాకర్. తండ్రి 1819లో చనిపోగా, పొలం అమ్మిన డబ్బుతో 1820లో స్కాట్లండులోని కిల్‌మార్నక్ పట్టణంలో కిరాణా దుకాణం పెట్టాడు. కుమారుడు అలెగ్జాండర్ నలుచదరపు సీసాతో, ఏటవాలుగా అంటించిన చీటీతో సరుకును ఖండాంతరాలకు పంపాడు. 1908లో టామ్ బ్రౌన్ అనే చిత్రకారుడు, టోపీ పెట్టుకొని చేతికర్రతో చకచకా నడిచిపోయే దొర బొమ్మ గీశాడు. వంశానికి అదే ధ్వజచిహ్నం.

తండ్రీకొడుకుల సామర్థ్యాన్ని నేను కాదనను. అయితే మాల్టు విస్కీనీ, చౌకగా తయారయ్యే ధాన్యపు విస్కీనీ సుంకం కట్టకముందే గోదాముల్లో కలుపుకోవచ్చునని 1860లో చట్టం వచ్చింది. సరుకు మోయడానికి రైళ్లూ, సామ్రాజ్యపు ఓడలూ వున్నాయి. వంశవర్ణనలో యివి వెనుకబడి, వ్యక్తుల ప్రతిభ ముందుకు వస్తుంది.

తరవాతి కథలో వంశం పోయి వాటాలు మిగిలాయి. 1925లో కంపెనీ డిస్టిల్లర్స్‌లో కలిసింది. 1986లో డిస్టిల్లర్స్‌ను గిన్నిస్ కొన్నది. ఆ కొనుగోలులో జరిగిన మోసాలకు గిన్నిస్ అధిపతి ఎర్నెస్ట్ సాండర్స్‌కు 1990లో జైలుశిక్ష పడింది. 1997లో గిన్నిస్, గ్రాండ్ మెట్రోపాలిటన్ కలిసి డియాజియో అయినాయి.

2009 జూలైలో డియాజియో కిల్‌మార్నక్ కర్మాగారాన్ని మూసివేస్తామని ప్రకటించింది. సుమారు 700 మంది జీవనోపాధి అది. ఆ నెలలోనే దాదాపు 20,000 మంది జనం ఆ పట్టణపు వీధుల్లో నడిచారు. ‘నడుస్తూనే వుండు’ అని ప్రపంచానికంతా ప్రకటనలిచ్చిన కంపెనీ ఆ నడకకు చలించలేదు. 2012లో కర్మాగారం మూతపడింది. 2021లో ఎడింబరో నగరంలో అదే పేరుతో యెనిమిది అంతస్తుల సందర్శనశాల వెలిసింది. చరిత్రను అక్కడ టిక్కెట్టు కొని చూడవచ్చు.

నా విద్యార్థుల్లో చాలామంది రేపు యిటువంటి కంపెనీల్లోనే కొలువులకు పోతారు. వాళ్లకు నేను చెప్పేది వొకటే: వంశవర్ణన ముగిసిన చోట ఆగి, యీ సంపద యెవరి చేతుల మీదుగా వచ్చింది, వారి పేర్లు యెక్కడ అని అడగండి. రాయల కాలపు కావ్యానికైనా, నేటి కంపెనీ చరిత్రకైనా ఆ ప్రశ్న చెల్లుతుంది.