అక్కయ్య అరచేతులు

మా అక్కయ్య వంటలో ఉప్పుకు వంక పెట్టినవాళ్ళు మా వంశంలో లేరు. అటువంటి మనిషి, 2 వారాలపాటు అయొడిన్ కలిపిన ఉప్పు మాని, పాలూ పెరుగూ మాని, ఆసుపత్రి గదిలో ఒంటరిగా ఉండి రేడియో అయొడిన్ పుచ్చుకొని వచ్చింది. థైరాయిడ్ గ్రంథికి అయొడిన్ అంటే చెప్పలేని ఆబ. అందులో పుట్టిన కాన్సరుకూ సాధారణంగా ఆ ఆబే ఉంటుంది. తిండి అనుకొని విషం మింగి చస్తుంది. అదీ కిటుకు.

రెండోసారి అయొడిన్ స్కానులో ఏమీ కనిపించలేదు. బావగారు మిఠాయికి బయలుదేరారు కూడాను! "ఆగండి" అన్నారు డాక్టరుగారు. సి.టి. స్కానులో మాత్రం ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయి. అంటే కాన్సరు పోలేదు, అయొడిన్ తినటం మానేసిందన్నమాట.

అప్పుడు లెన్వాటినిబ్ మొదలుపెట్టారు, రోజుకు 24 మిల్లీగ్రాములు. కాన్సరు తన పెరుగుదలకోసం కొత్త రక్తనాళాలకు కబురంపుతుందట. ఈ మందు ఆ కబురు చేరనివ్వదు. అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. అంతకుముందు జరిపిన పరీక్షలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో జబ్బు ముదరకుండా నిలిచిన మధ్యస్థ కాలం 3.6 నెలలు, మందు వేసుకున్నవారిలో 18.3 నెలలు. నయమైపోతుందని మాత్రం ఎవరూ అనలేదు.

మూడో నెలలో నేను వెళ్ళాను. ధనుర్మాసం, వాకిట్లో ముగ్గు లేదు. "చలే" అన్నది. చల్లారిన కాఫీ గ్లాసును సైతం కొంగుతో పట్టుకున్నది. చెయ్యి లాగి చూద్దును గదా, అరచెయ్యంతా ఎర్రగా కంది, తోలు ఊడుతున్నది. అరికాళ్ళూ అంతే.

"అరవకే! డాక్టరుకు తెలిస్తే మోతాదు తగ్గిస్తాడు. తగ్గిస్తే అది మళ్ళీ లేస్తుంది."

అంతేకాదు, బి.పి. రాసే పుస్తకంలో అంకెలు కూడా దిద్దింది! ఈ మందుకు రక్తపోటు పెరుగుతుందని ముందే చెప్పి, రోజూ చూసి రాయమన్నారు.

మర్నాడే లాక్కుపోయాను. డాక్టరుగారు కోప్పడలేదు. ఆ పరీక్షలోనే నూటికి 68 మందికి మోతాదు తగ్గించవలసి వచ్చిందన్నారు. "దాచిపెట్టి, చివరకు తట్టుకోలేక పూర్తిగా మానేస్తే నేనేం చెయ్యనమ్మా?" అన్నారు. కొన్నాళ్ళు ఆపి, 20 ఇచ్చారు, తరవాత 14.

మొన్నటి స్కానులో మచ్చలు ఉన్నంతే ఉన్నాయి. రోజూ సాయంత్రం ఫోనులో బి.పి. అంకె చెబుతుంది.

"దిద్దలేదు గదా?" అంటాను.

"నోరుమూసుకోవే" అని పెట్టేస్తుంది.