బూడిద రంగు పక్షపాతం

పటేల్‌గూడలో రంగుల గురించి రాయాలంటే బూడిద రంగుతోనే మొదలుపెట్టాలి. బీరంగూడ దాటి ఇటు వస్తే కంటికి ఆనేదంతా అదే. కడుతున్న అపార్ట్‌మెంట్లు, సిమెంటు ఇటుకల దొంతరలు, ప్లాట్ల మధ్య మిగిలిన గుండ్లు, టిప్పర్లు లేపే దుమ్ము. కాస్త తేరిపార చూస్తే మాత్రం వాటిలో అచ్చమైన బూడిద ఒక్కటీ దొరకదు. పగిలిన గుండులో గులాబీ జీర ఉంటుంది, దుమ్ములో ఎర్రమట్టి ఉంటుంది, పటాన్‌చెరు వైపు చలికాలపు పొద్దుటి మసకలో నీలం ఉంటుంది.

వెబ్ పేజీలకు రంగులు కుదర్చడం నా పని. కంప్యూటరు అచ్చమైన బూడిదను అడగ్గానే ఇస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ ఒకే అంకె వేస్తే చాలు: 128, 128, 128. కోటీ 67 లక్షల పైచిలుకు రంగుల్లో ఇలా సమానంగా పంచినవి, నలుపు తెలుపులతో కలిపి, 256 మాత్రమే. ఇంత న్యాయమైన రంగు కూడా నారింజ బటన్ పక్కన చేరగానే వెలవెలబోతుంది, కాస్త నీలంగానూ తోస్తుంది.

అందుకే దాన్ని ఎటో ఒకవైపు మొగ్గించాలి. హెచ్ఎస్ఎల్ పద్ధతిలో రంగు కోణం 30, గాఢత 8 శాతం, వెలుగు 50 శాతం అని రాస్తే 138, 128, 117 వస్తుంది. సాయంత్రపు ఎండ తగిలిన గుండు లాంటి బూడిద. కోణాన్నీ గాఢతనూ కదపకుండా వెలుగును 95 నుంచి 10 దాకా మెట్లుగా దించే చిన్న లూప్ రాస్తే, బ్యాక్‌గ్రౌండ్ నుంచి అక్షరాల దాకా అన్నీ ఒకే ఇంటివి అవుతాయి. గాఢత మోతాదు మించితే మాత్రం అది బూడిద కాదు, మట్టి.

బ్రౌజర్ల సొంత తెలివిని నమ్ముకుంటే నవ్వులపాలే. వాటి లెక్కలో ‘గ్రే’ 128, ‘డార్క్ గ్రే’ 169. అంటే ముదురుదే లేత! ఎక్స్11 అనే పాత వ్యవస్థలో గ్రే అంటే 190. అక్కడి ముదురు పేరు వచ్చి, వేరే చోటి మామూలు గ్రే పక్కన కూర్చుంది.

చదివేవాళ్ల కళ్లనూ చూసుకోవాలి. తెలుపు మీద మామూలు అక్షరాలకు వెలుగు తేడా కనీసం 4.5 రెట్లు ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. మూడూ 118 అయితే గట్టెక్కుతుంది, 119 అయితే తప్పుతుంది. ఆ వెలుగు లెక్కలో ఆకుపచ్చ వాటా దాదాపు 72 శాతం, నీలానిది 7 శాతమే. కాబట్టి నీలాన్ని నాలుగంకెలు జరిపినా పెద్దగా ఏమీ కాదు, ఆకుపచ్చను ముట్టుకునేటప్పుడే జాగ్రత్త.

ఎటూ మొగ్గని రంగు లెక్కల్లో ఉంటుంది, లోకంలో అరుదు. ‘సాదా గ్రే పెట్టండి చాలు’ అంటుంటారు క్లయింట్లు. నేను కాస్త మొగ్గిందే పెడతాను. చూసి, సాదాగా భలే ఉందంటారు.