సిరిమాను తిరిగేలోగా

పైడితల్లమ్మ సిరిమానుని ఫొటో తియ్యడం తేలికే, వీడియోకే చుక్కలు కనిపిస్తాయి. విజయనగరంలో దసరా వెళ్లిన మంగళవారం, కొసన పూజారిగారిని కూర్చోబెట్టుకుని మండే ఎండలో బయల్దేరి, అమ్మవారి చదురుగుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగి, దీపాలవేళకి ముగుస్తుంది. ఎండా చీకటీ రెండూ అదే పూటలో పట్టాలి.

ఒక ఏడు మాకు పడమర ముఖంగా ఉన్న మేడ దొరికింది. పొద్దున్నే ఎక్కేశాం. ఆ తర్వాత దిగుదామన్నా మెట్లమీద జాగా లేదు. నీళ్లు కూడా చూసుకునే తాగాను, ఎందుకో చెప్పక్కర్లేదు. ట్రైపాడ్ కాళ్ల సందున పిల్లలు చేరారు.

సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50. మా కెమెరా లాగ్ ప్రొఫైల్‌లో ఐఎస్ఓ 800 కంటే కిందకి దిగదు. ఆ ఎండకి ఎఫ్/8 పెట్టినా వెలుగు 64 రెట్లు ఎక్కువ. అందుకే ఎన్‌డీ64 ఫిల్టరు బిగించాను. వేరియబుల్ ఫిల్టరు బాగా తిప్పితే ఆకాశంలో ఇంటూ గుర్తులా నల్లమచ్చ పడుతుంది, దాన్ని నేను నమ్మను. షట్టరే పెంచెయ్యొచ్చుగా అంటారు. జనం విసిరే అరటిపళ్లు చూడాలి! 1/50లో గాల్లో సాగుతూ వస్తాయి, 1/3200లో ఆగి ఆగి గెంతుతాయి.

మొదటి తిరుగు బాగానే నడిచింది. మాను కొసన పూజారిగారు, వెనక ఆకాశం. ముఖం నల్లబడకుండా ఆకాశాన్ని కాస్త వదిలేశాను.

రెండో తిరుగుకి ఎండ పోయింది. ఎఫ్/4 దాకా తెరిచాను, ఆ లెన్సుకి అంతే. 1/25కి దిగితే ఊగే మాను అలికేసినట్టవుతుంది. ఫిల్టరు తియ్యాలి. రాలేదు. ఉక్కకి, చెమట చేతులకి మర పట్టేసింది, నొక్కేకొద్దీ ఇంకా బిగుస్తోంది. ఐఎస్ఓ 1600, 3200, 6400. తెరంతా రంగు నలుసులు. కింద ఒకటే హోరు.

పక్కనున్న మామ్మ చూసి చూసి, "ఏటి బాబూ, మూత రాట్లేదేటి?" అంది. మనవరాలి జడకున్న రబ్బరు బ్యాండు లాగి చేతిలో పెట్టింది. రింగు చుట్టూ తొడిగి, నొక్కకుండా వేళ్ల కొసలతో తిప్పితే కదిలింది. ఆరు స్టాపుల వెలుగు ఒక్కసారే పడి ఫ్రేము తెల్లబోయింది. ఐఎస్ఓ దించేసరికి సిరిమాను మా మేడ దాటేసింది.

మూడో తిరుగు ఫిల్టరు లేకుండా ఎఫ్/4, ఐఎస్ఓ 3200లో తీశాను. షట్టర్ మటుకు 1/50 దగ్గరే. మన కరెంటు 50 హెర్ట్జ్ గనక వీధిలైట్లు మిణుకుమనలేదు.

రెండో తిరుగులో దక్కిన ముక్కకి నలుసులు తీసేస్తానన్నాడు ఎడిటరు. వద్దన్నాను. అవి పోతే పూజారిగారి ముఖమూ చెరిగిపోతుంది.