సిటీ పోలీస్ జట్టు వెంట

1950 నుంచి 1954 దాకా, వరుసగా అయిదేళ్ళు, బొంబాయి రోవర్స్ ఫుట్‌బాల్ కప్పును ఒక్క జట్టే గెలుచుకుంది. ఆ జట్టు కలకత్తాది కాదు, బొంబాయిదీ కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్. ఈ మాట వరంగల్లో చెబితే నమ్మేవాళ్ళు తక్కువ. నమ్మినవాళ్ళలో మా కాలనీ అన్న ఒకడు. మామునూరు బెటాలియన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. చేసినన్నాళ్ళూ పోలీసు ఆటల్లో ఫుట్‌బాల్ ఆడాడు. "చదువుకుంట కూసుంటే ఏమొస్తది తమ్మీ, పోయి ఆ జాగలు చూసొద్దాం పా" అన్నాడు. ఇద్దరం కాజీపేటలో పొద్దుటి బండెక్కాం.

జనగామ దాటేదాకా నేను అడుగుతూనే ఉన్నాను, అన్న చెబుతూనే ఉన్నాడు. పోలీసు జట్టంటే ఏమిటి? ఆటగాళ్ళకు ఆట మీద జీతం లేదు, కానిస్టేబుల్ నౌకరీ మీద జీతం. బాగా ఆడే పిల్లవాణ్ణి చూసి డిపార్ట్‌మెంట్‌లోకి తీసుకుంటారు. "పొద్దుగాల పరేడు, పొద్దుమీకి బంతి. రెండూ డ్యూటీనే. గెలిస్తే ప్రమోషన్ మీద ఆశ" అని తన కాలం సంగతి చెప్పాడు. పూర్తి ప్రొఫెషనల్ కాదు, సరదాకి ఆడేదీ కాదు. పోలీసులకు సొంత జట్టుండడం మన దగ్గరే పుట్టిన వింత కూడా కాదు. 1923లో మొదలైన మాస్కో డైనమో వెనక ఉన్నది సోవియట్ భద్రతా శాఖే. పేద ఇంటి పిల్లవాడికి నెల జీతం, తలమీద కప్పు, ఆడుకోవడానికి గ్రౌండు, ఈ మూడూ ఒకే చోట దొరికిన ఏర్పాటు ఇది. నాకు అందులో చిన్నతనం ఏమీ కనిపించదు.

ఆలేరు దాటాక భువనగిరి గుట్ట కనిపించే వేళకు మాట డ్యూరాండ్ కప్పు మీదికి మళ్ళింది. 1888లో మొదలైన ఆ టోర్నీ యుద్ధం వల్ల ఆగిపోయి, స్వాతంత్ర్యం వచ్చాక 1950లో ఢిల్లీలో మళ్ళీ మొదలైంది. ఫైనల్లో మోహన్ బగాన్, సిటీ పోలీస్. మొదటి రోజు 2–2. మళ్ళీ ఆడిస్తే 1–0తో పోలీసులదే గెలుపు. రెండేళ్ళ కిందటే పోలీస్ యాక్షన్ చూసిన నగరం, ఇంకా ఏ రాష్ట్రంగా నిలవాలో తేలని ప్రాంతం, అక్కడి కానిస్టేబుళ్ళు దేశంలోకెల్లా పేరున్న క్లబ్బును ఓడించారు. 1954లో, 1957లో డ్యూరాండ్ మళ్ళీ ఇక్కడికే వచ్చింది. 1961లోనూ వచ్చింది గానీ అప్పటికి జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్. రాష్ట్రాలు కలిసిన గుర్తు కప్పుల మీద కూడా పడింది.

సికింద్రాబాద్‌లో దిగి, బొల్లారం వైపు లైనులో అమ్ముగూడకు వెళ్ళాం. చిన్న స్టేషను. చుట్టూ కాలనీలు, అపార్ట్‌మెంట్లు, ఆ పక్క కంటోన్మెంటు గోడలు. ఇక్కడ ఫుట్‌బాల్ ఎందుకు పుట్టిందో ఆ గోడలే చెబుతాయి. తిరుమలగిరి, బొల్లారంలలో ఇంగ్లీషు పటాలాలు ఆడుతుంటే గట్టున నిలబడి చూసిన పిల్లలు ఆట పట్టుకున్నారు. ఆ తరవాతి తరంలో ఒకడు తులసీదాస్ బలరామ్. అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడి చేత ఆట బూట్లు కుట్టించుకున్నాడట. ప్రాక్టీసుకు హైదరాబాద్ దాకా రావడానికి సైకిలు కిరాయికి డబ్బులు లేవంటే, కోచ్ రహీమ్ సాబ్ తన జేబులోంచి ఇచ్చేవాడు. ఆ పిల్లవాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడాడు. భారత్ నాలుగో స్థానంలో నిలిచిన ఒలింపిక్స్ అది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతకన్నా పైకి మనం ఇంతవరకూ పోలేదు.

స్టేషను బయట టీ తాగుతుంటే అన్న అక్కడి కుర్రాళ్ళను బలరామ్ ఇల్లెక్కడని అడిగాడు. ఎవరికీ తెలియదు. తప్పు వాళ్ళది కాదు. 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిన మనిషి, 1963కల్లా జబ్బుపడి ఆట మానేశాడు. ఆ తరవాత కూడా బెంగాల్లోనే ఉండిపోయి, 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూశాడు. అతని పేరు అక్కడి వీధుల్లో తెలిసినంతగా ఇక్కడ తెలియదు.

మధ్యాహ్నానికి చాదర్‌ఘాట్ చేరాం. సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఇక్కడి హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, దారుల్ ఉలూమ్‌లో కూడా చెప్పాడు. 1909లో పుట్టాడు, ఉస్మానియాలో బీఏ చదివాడు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. సిటీ పోలీస్‌ను, దానితో పాటు దేశం జట్టును తీర్చిదిద్దింది ఆయనే. నేను ఈ ప్రయాణంలో ఎక్కువసేపు నిలబడింది మూసీ పక్కన ఆ రోడ్డు మీదే. ఆయన గొప్పతనం నాకు కోచ్‌గా కన్నా ముందు పంతులుగా అర్థమవుతుంది.

బంతిని కాళ్ళ దగ్గర ఆడించుకోవడం మన పిల్లలకు ఇష్టం. చూసేవాళ్ళకూ ఇష్టం. రహీమ్ దాన్ని నిషేధిస్తూ టోర్నీలు పెట్టాడు. బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. ఇంకో రకం టోర్నీలో చేతగాని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో కొట్టాల్సిందే. ఎక్సర్‌సైజు అని చెబితే రెండు రోజుల్లో విసుగొచ్చే పనిని పందెంగా మార్చాడు. పందెం అన్నాక పిల్లలు ఒళ్ళు దాచుకుంటారా? అలా తయారైనవాళ్ళే అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, మొయిన్. ముగ్గురూ 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్ళారు. అక్కడ యుగోస్లావియా చేతిలో భారత్ 10–1తో ఓడింది. మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతో ఆడిన మ్యాచి అది. ఆ ఓటమి నుంచి నాలుగేళ్ళలో ఒలింపిక్ సెమీఫైనల్‌కు చేర్చాడు రహీమ్. 1962 సెప్టెంబరులో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో, లక్షమంది మనకు ఎదురు కేకలు వేస్తుంటే, దక్షిణ కొరియా మీద 2–1తో బంగారు పతకం. అప్పటికే ఆయన్ను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న పోయాడు.

జట్టు ఆ రోజే కూలిపోలేదు. ఆ ఏడాది రోవర్స్ కప్పు కూడా ఆంధ్రప్రదేశ్ పోలీస్‌దే. 1965–66లో సంతోష్ ట్రోఫీని రాష్ట్రం గెలిచింది. కానీ నయీముద్దీన్, హబీబ్ లాంటి ఇక్కడి ఆటగాళ్ళు కలకత్తా దారి పట్టారు. 1977లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టింది మన హబీబే. క్రికెట్ వచ్చి ఫుట్‌బాల్‌ను మింగేసిందని అందరూ అంటారు. నాకది సగం మాటే. నౌకరీ ఇచ్చే ఏర్పాటు మిగిలింది, నేర్పే ఏర్పాటు మిగలలేదు. ఒక పంతులు చేసిన పనిని ఏ సంస్థా తన పనిగా రాసిపెట్టుకోలేదు.

ఎల్బీ స్టేడియం, అంటే పాత ఫతే మైదానం, బయటినుంచే చూసి గోషామహల్‌కు నడిచాం. పోలీసు శాఖ స్టేడియం జాగా అది. 2025 జనవరిలో ఆ స్థలంలోనే ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనాలకు శంకుస్థాపన జరిగింది. అన్న చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "దవాఖాన కావాలె తమ్మీ, అది నేను కాదనను. మరి గ్రౌండు ఇంకోకాడ ఇయ్యాలె గదా" అన్నాడు. నాకూ అదే న్యాయమనిపించింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్ఎల్ ట్రోఫీ గెలిచి, నాలుగేళ్ళు తిరక్కుండానే చేతులు మారి ఢిల్లీకి తరలిపోయింది. డబ్బుతో వచ్చిన జట్టు డబ్బు వెంటే పోయింది. సిటీ పోలీస్ ఆటగాళ్ళు మాత్రం ఈ ఊరి బస్తీల వాళ్ళు.

ఉప్పల్‌లో హనుమకొండ బస్సెక్కాక అన్న జేబులోంచి పెన్ను తీసి, టికెట్టు వెనక రాయడం మొదలుపెట్టాడు. దసరా సెలవుల్లో మా కాలనీ పిల్లలకు చేతగాని కాలి టోర్నీ పెట్టాలట. జట్టుకు ఏడుగురు. ఎడమ వాటం పిల్లలు కుడికాలితో కొట్టాలి. తలతో కొట్టిన గోలు లెక్కలోకి వస్తుందా రాదా అన్న దగ్గర మా ఇద్దరికీ కుదరలేదు. రావాలని నేను, వద్దని ఆయన. ఘట్‌కేసర్ దాటినా ఆ వాదం తెగలేదు.