గాలి దొంగ

సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు అందరూ పెయింట్ చూస్తారు, టైర్లు చూస్తారు. రబ్బరు పైపుల్ని ఎవరూ చూడరు. హ్యూస్టన్‌లో మా దూలేభాయ్ కొన్న పాత గోల్డ్‌వింగ్ జీఎల్ 1500 నవాబుల బగ్గీలా ఉంది. ఆరు సిలిండర్లు, 1520 సీసీ, రివర్స్ కూడా! సిగ్నల్ దగ్గర మాత్రం ఆర్పీఎం పైకీ కిందికీ ఊగి ఠప్పున ఆగిపోయేది. వెనక పెద్ద లారీ. రెండోసారి అలా అయ్యాక ఆపా "కసమ్, ఇంక ఎక్కను" అనేసింది.

"కార్బ్యురేటర్లు మార్చాలంట మియా" అన్నారు దూలేభాయ్.

"సబర్ భాయ్, ముందు పైపులు చూద్దాం."

విజయవాడ ఆటోనగర్‌లో పదేళ్లు కార్బ్యురేటర్లు విప్పినవాణ్ణి. క్రూయిజ్ కంట్రోల్ కూడా నిలవట్లేదు అనగానే షక్ గట్టిపడింది. ఆ బండిలో క్రూయిజ్ నడిచేదీ వాక్యూమ్‌తోనే. పగులులోంచి గాలి దొంగగా దూరితే పెట్రోలు పాలు తగ్గి ఐడిల్ ఊగుతుంది.

కొందరు కార్బ్ క్లీనర్ కొట్టి చూస్తారు. వేడి ఇంజన్ మీద అది నిప్పుతో ఖేల్, నేను ఒప్పుకోను. నీళ్ల స్ప్రేతో ఒక్కో జాయింటూ తడిపా. ఒకచోట ఐడిల్ క్షణంపాటు కుదురుకుంది. పైపు వంచి చూస్తే అడుగున చీలిక. చివరలు బిస్కెట్‌లా గట్టిపడ్డాయి.

మిగతావీ అదే ఉమర్‌వి కదా, అన్నీ మార్చాం. అన్నీ ఒకేసారి ఊడదీస్తే ఖయామత్. ఒకటి తీసి, అదే లోపలి కొలత, అదే పొడవున్న కొత్తది తొడిగాకే ఇంకోటి. మూడు సాయంత్రాలు పట్టింది.

ఆపా హెల్మెట్ చేత్తో పట్టుకునే వచ్చింది గానీ, "ముందు మీరిద్దరూ సిగ్నళ్లున్న రోడ్డులో ఓ చక్కర్ కొట్టి రండి" అంది.