పక్కింటావిడ బల్ల మీద ఉప్పు

మంత్రగత్తె అనగానే మీకేం గుర్తొస్తుంది? నాకైతే విరబోసుకున్న జుట్టు, నిమ్మకాయలు, ముగ్గులో బొమ్మ. అందుకే 2012లో అమ్మాయి పురిటికని అమెరికాలోని మసాచుసెట్స్ వెళ్ళినప్పుడు, "పక్కింటావిడ విచ్ అమ్మా, కానీ చాలా మంచిది" అని అది నవ్వుతూ చెబితే నా గుండె గుభేలుమంది. పచ్చి బాలింత, పసిగుడ్డు ఉన్న ఇల్లు! ఆవిడ ఊలుటోపీ అల్లి పట్టుకొస్తే తీసుకున్నాను గానీ, పిల్లాణ్ణి మాత్రం చేతికివ్వలేదు. ఆవిడ అటు వెళ్ళగానే ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసేశాను కూడాను. (పొయ్యి మీద వేస్తే పొగ అలారం మోగుతుందని చెత్తబుట్టలో పడేశాననుకోండి.)

నెల దాటాక అమ్మాయి పోరు పడలేక పిల్లాణ్ణి ఎత్తుకుని వాళ్ళింటికి వెళ్ళాను. హాల్లో ఓ మూల చిన్న బల్ల. దాని మీద ఉత్తరం వైపు గిన్నెలో ఉప్పు, తూర్పున అగరొత్తి, దక్షిణాన ఎర్ర కొవ్వొత్తి, పడమట గాజుగ్లాసులో నీళ్ళు. మధ్యలో అయిదు కోణాల నక్షత్రం చెక్కిన పళ్ళెం. ఇంతేనా, అనుకున్నాను!

ఉప్పు భూమికి గుర్తుట, అగరొత్తి పొగ గాలికి. నక్షత్రంలో నాలుగు కోణాలు ఈ నాలుగింటికీ, పై కోణం ఆత్మకీ. పంచభూతాల్లో మనం ఆకాశం అనే చోట వాళ్ళు ఆత్మని పెట్టుకున్నారన్నమాట. కాగితం మీద త్రికోణాలు కూడా గీసి చూపించింది. కొన పైకి ఉంటే నిప్పు, కిందికి ఉంటే నీరు. మంట పైకి లేస్తుంది, నీరు కిందికి జారుతుంది, సరిపోయిందిగా! నిప్పు గుర్తుకి అడ్డగీత పెడితే గాలి, నీటి గుర్తుకి పెడితే భూమి. ఇవి ఐరోపాలో పూర్వం రసవాదులు వాడిన గుర్తులే. పూజ మొదలెట్టే ముందు నీళ్ళలో చిటికెడు ఉప్పు కలిపి చుట్టూ చిలకరిస్తుందిట. మన పసుపునీళ్ళు గుర్తొచ్చాయి నాకు.

"మాకు వంటిల్లు ఆగ్నేయం, నీళ్ళు ఈశాన్యం. మీకు నిప్పు దక్షిణాన ఎందుకు?" అని అడిగాను, అమ్మాయి తర్జుమా చేస్తుండగా. ఈ పద్ధతి పుట్టిన ఇంగ్లండులో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన ఉంటాడు కదా, అంది. ఆస్ట్రేలియాలో అయితే చాలామంది నిప్పుని ఉత్తరానికి మార్చుకుంటారట. ఇదేదో పాతకాలపు మతం అనుకునేరు! మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరైన జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆంగ్లేయుడు ప్రచారంలోకి తెచ్చాడు. 1735 నాటి మంత్రవిద్యల చట్టాన్ని అక్కడ 1951లో రద్దు చేశాక, 1954లో పుస్తకం వేశాడు. కత్తి నిప్పుకి గుర్తా, గాలికి గుర్తా అని వాళ్ళలో వాళ్ళకే ఇప్పటికీ పేచీట.

"విచ్ అని చెప్పుకోడానికి భయం వెయ్యదా?" అన్నాను. సేలం ఊరు ఇక్కడికి దగ్గరే, అందావిడ. 1692లో అక్కడ పందొమ్మిది మందిని ఉరి తీశారు. "వాళ్ళెవరూ మాలాంటి విచ్‌లు కారు, మామూలు మనుషులు. ఇరుగుపొరుగు వాళ్ళే పట్టిచ్చారు" అంది.

నాకు మా ఊరి మంత్రసాని పెద్దమ్మ కళ్ళముందు కదిలింది. నేను పుట్టినప్పుడు నన్ను మొదట ఎత్తుకున్న చేతులు ఆవిడవే. వీధిలో ఇద్దరు పిల్లలు వరసగా జ్వరంతో పోయేసరికి ఆవిడకి చిల్లంగి వచ్చన్నారు. పట్టుకుని పళ్ళు రాలగొట్టారు, పళ్ళు లేకపోతే మంత్రం పలకదని. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి, "అమ్మాయ్, కాసిని మంచినీళ్ళియ్యవే" అంది. నాకప్పుడు పన్నెండేళ్ళు. తలుపు గడియ పెట్టింది నేనేనండీ. అమ్మ పెట్టమనలేదు. ఆ వారంలోనే ఆవిడ ఊరొదిలి వెళ్ళిపోయింది.

ఈ సంగతి నేను పక్కింటావిడకి చెప్పలేదు, అమ్మాయికీ చెప్పలేదు. పిల్లాణ్ణి తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఆవిడ నాకేసి ఓసారి చూసి, చెయ్యి తల కింద ఆనించి జాగ్రత్తగా పట్టుకుంది.

తిరిగి వచ్చేముందు, నేను తీసుకెళ్ళిన చిన్న రాగి చెంబు ఆవిడకి ఇచ్చాను. గాజుగ్లాసు తీసేసి పడమటి వైపు దాన్నే పెట్టుకుంది. వారానికోసారి చింతపండుతో తోమాలని కూడా చెప్పి వచ్చాను.