మందను వదిలిన ఏనుగు

ఖరగ్‌పూర్‌లో మా పిల్లలకు ఆఫ్రికా సింహాల కథలన్నీ వచ్చు. దక్షిణాఫ్రికాలోని సాబీ శాండ్ అడవుల్లో ‘మపోగో’ అనే ఆరు మగ సింహాలు జట్టు కట్టి చుట్టుపక్కల మందలను ఎలా లొంగదీసుకున్నాయో పూసగుచ్చినట్టు చెబుతారు. ఆదివారం వందనానికి వచ్చి కూడా ఫోనులో అవే చూస్తుంటే కోప్పడ్డాం. తర్వాత మేమూ పక్కన కూర్చుని చూశాం. ఆడ సింహాలు చాలావరకు పుట్టిన మందలోనే ఉండిపోతాయి. మగవాటికి రెండు మూడేళ్లు రాగానే బయటికి నడవాల్సిందే. అన్నదమ్ములు కలిసి తిరుగుతాయి, బలం వచ్చాక మరో మంద మీద పడి అక్కడి కూనలను చంపేస్తాయి. వాటి వెనకే జీపులో ఏళ్ల తరబడి తిరిగే మనుషులున్నారని తెలిసి ఆశ్చర్యపోయాం.

“అంత దూరం ఎందుకు? కలైకుండా దాటితే ఏనుగులున్నాయి కదా, ఒక్కరైనా వెళ్లి చూశారా?” అంది మాకు వందనం చెప్పించే పెద్దక్క.

మేమంటే నిమ్‌పురా, మథురాకాఠీ క్వార్టర్లలో పెరిగినవాళ్లం. తాతలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పనికి వచ్చారు. ఊళ్లో వెంటాడిన కులం రైలెక్కి ఇంత దూరం రాదనుకున్నారు. కొంత రాలేదు, కొంత క్వార్టరు గుమ్మం దాకా వచ్చింది. మాకు పట్టాలు తెలుసు, యార్డు తెలుసు. అడవి తెలియదు.

మా తాతల కాలంలో ఇక్కడ ఇన్ని ఏనుగులు లేవు. మేదినీపూర్ అడవులు అప్పటికే నరికివేతతో బోడిబారాయి. 1972లో అరాబారీలో అటవీశాఖ, పల్లె జనం కలిసి సాల్ మోళ్లను కాపాడటం మొదలుపెట్టారు. సాల్ అంటే మన వైపు గుగ్గిలం. దేశమంతా మెచ్చుకున్న పని అది. మోళ్లు చిగిర్చి మళ్లీ అడవి లేచింది. 1987 ప్రాంతంలో దల్మా కొండల నుంచి ఏనుగుల మంద దిగింది. దాక్కోవడానికి అడవి దొరికింది గానీ, ఆ గుగ్గిలం అడవిలో ఏనుగు కడుపు నిండేంత మేత లేదు. అడవి అంచున వరి ఉంది. మంచి పనికి ఇలాంటి ఫలితం కూడా ఉంటుందని ఎవరూ అనుకుని ఉండరు.

ఏనుగుల్లోనూ పెద్ద ఆడదే మందను నడుపుతుంది. మగవి పన్నెండు, పదిహేనేళ్లకు విడిపోతాయి. చాలావరకు ఒంటరిగానో ఒకటి రెండింటి తోడుతోనో తిరుగుతాయి. అయితే దక్షిణాది ఏనుగులను అనుసరించిన పరిశోధకులు 2019లో ఒక సంగతి రాశారు: చేలూ ఊళ్లూ ఎక్కువున్న చోట కుర్ర మగ ఏనుగులు పెద్ద జట్లుగా ఉంటున్నాయట. మనుషుల భయానికి వాటికీ సంఘం కావలసి వచ్చింది.

2023 డిసెంబరులో మేం వెళ్లాం. కలైకుండా అవతలి పల్లెలో మా పెద్దాయనకు తెలిసిన రైతు ఉన్నాడు, మహతో. రెండు బిఘాల వరి. అతను ఫోను చేసి అడిగింది ఏనుగులను చూడటానికి రమ్మని కాదు. “దాదా, పాత మొబిల్ ఉంటే తెచ్చిపెట్టండి” అన్నాడు. మాలో ఒకరికి గ్యారేజీ ఉంది. రెండు డబ్బాలు బైకుకు కట్టుకుని వెళ్లాం. ఆ పొద్దున వందనంలో ప్రాణహింస చేయబోమని శీలం తీసుకున్నవాళ్లమే. ఆ నూనె దేనికో మాకు తెలియక కాదు.

ఇనుప చువ్వకు గోనెపట్టా చుట్టి, మొబిల్‌లో ముంచి వెలిగిస్తే అది హుల్లా. చువ్వలూ నిప్పు బంతులూ వాడొద్దని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. ఆ రాత్రి మేం చూసినవి మాత్రం చువ్వలే. వందలమంది కేకలు, టపాసులు. మంద కదిలింది. గున్నలను మధ్యలో పెట్టుకుని, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఆడ ఏనుగులు వరి తొక్కుకుంటూ పోయాయి. మేం ఫోన్లు ఎత్తి పట్టుకుని వెంట పరిగెత్తాం. అరిచాం కూడా. ఎందుకు అరిచామో ఇప్పుడు చెప్పలేం.

ఒక మగ ఏనుగు మాత్రం పోలేదు. గుగ్గిలం చెట్ల అంచున ఒంటరిగా నిలబడింది. పక్కటెముకల మీద పాత కాలిన మచ్చ, అరచేతి కంటే పెద్దది. జనం ఆగిపోయారు. పరిగెత్తబోయి మా పెద్దాయన గట్టు మీద పడ్డాడు. ఏనుగు చెవులు విప్పి చూసింది, ఒక అడుగు వేసింది, తర్వాత వెనక్కి తిరిగి చెట్లలోకి వెళ్లిపోయింది. చీకట్లో కొమ్మలు విరిగిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

తర్వాతి ఆదివారం పెద్దక్క పారిలేయక కథ చెప్పింది. కోశాంబిలో భిక్షువులు చిన్న విషయం మీద కొట్లాడుకుని, బుద్ధుడు చెప్పినా వినకపోతే ఆయన వాళ్లను వదిలి అడవికి వెళ్లాడు. అక్కడ ఒక మగ ఏనుగు కూడా మందతో విసిగి వచ్చి ఉంది. మందలో ఉంటే చిగురు మేసిపోయిన గడ్డి, బురద కలిపిన నీళ్లు. అది తొండంతో ఆయనకు నీళ్లు తెచ్చిందట. ఆయన కూర్చున్నది సాల వృక్షం కిందే. మా సంఘం కూడా అప్పటికి చందా లెక్కల మీద రెండుగా చీలి ఉంది, అందుకే ఆ కథ ఎంచుకుందని కొందరు గొణిగారు. మాకు మాత్రం కాలిన మచ్చే కనబడింది. ఒక పిల్లవాడు అడిగాడు: “ఆ ఏనుగు మీదకి ఎవరూ నిప్పు విసరలేదా?”

2024 ఆగస్టులో ఝాడ్‌గ్రామ్‌లో కాలుతున్న చువ్వ దిగి ఒక ఆడ ఏనుగు చనిపోయింది. 2025 జులైలో బాంశ్‌తలా దగ్గర రాత్రి రైలు కింద పడి ఒక పెద్ద ఏనుగు, రెండు గున్నలు పోయాయి. కలైకుండా, ఖేమాసులీ, సర్దిహా, బాంశ్‌తలా: మా ఇళ్లలో అన్నం పెట్టే లైను అది. మాలో ఒకాయన ఆ లైనులో గూడ్సు నడుపుతాడు. ఆ ప్రమాదం ఆయన బండికి జరిగింది కాదు. అయినా మూడు వారాలు వందనానికి రాలేదు. వచ్చాక ఒక్కటే అన్నాడు: లోడుతో ఉన్న గూడ్సు ఆగాలంటే కిలోమీటరు దాకా పడుతుంది, హెడ్‌లైటు అంత దూరం చూపించదు.

మొబిల్ ఇవ్వం అని మహతోకు చెప్పడానికి మేమే వెళ్లాం. అతను కోప్పడలేదు. తొక్కేసిన మడి చూపించాడు. “నష్టపరిహారం వచ్చేలోపు నా పిల్లలు ఏం తినాలి, దాదా?” మా దగ్గర జవాబు లేదు. జీతం వచ్చేవాళ్లం కరుణ గురించి మాట్లాడటం ఎంత తేలికో ఆ గట్టు మీద నిలబడితే తెలిసింది.

నెల తర్వాత మళ్లీ వెళ్లి, పంట పండగానే మంద రాకముందే కోసేస్తే ఎంత మిగులుతుందని అడిగాం. చాలా మిగులుతుంది గానీ కూలీలు దొరకరు అన్నాడు. డబ్బాలు గ్యారేజీలో మూలన ఉన్నాయి. ఈ అగ్రహాయణంలో మేం ఆరుగురం సెలవు పెట్టి కోతకు వెళ్తున్నాం, చీలిపోయిన రెండు వర్గాల నుంచి ముగ్గురేసి. రైల్వే వాళ్లకు కొడవలి పట్టడం వచ్చా అని మహతో ఫోనులో చాలాసేపు నవ్వాడు. మాకు రాదు. తాతలకు వచ్చు.